కుట్టు పడవల తీరం

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్లకు ఓడ వింత కాదు. మా కోటవీధి మేడ మీద నిలబడితే ఇళ్ల కప్పుల వెనక ఓడల పొగగొట్టాలు మెల్లగా కదిలిపోతూ కనిపించేవి. జెండా చూసి ఏ దేశం ఓడో చెప్పడం మా వీధి పిల్లల ఆట. అయినా సముద్రం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఇనుము కాదు, చెక్క. ఉప్పునీటిలో నానిన చెక్క, ఇసుకలో ఎండిన చెక్క, సొరచేప నూనె పట్టించిన చెక్క. మా నాన్న వడ్రంగి. ఉద్యోగం హిందుస్థాన్ షిప్‌యార్డులో, ప్రాణం మాత్రం పడవల మీద.

మా పూర్వీకులది గోదావరి ఒడ్డున తాళ్లరేవు. దాని పక్కనే కోరంగి. ఒకప్పుడు కోరంగి అంటే బంగాళాఖాతం తీరమంతటా పేరున్న రేవు. దెబ్బతిన్న ఓడలు అక్కడికి మరమ్మతుకు వచ్చేవి, కొత్త ఓడలు అక్కడే కట్టేవారు. 1839 నవంబరులో తుఫాను, దానితో పాటు వచ్చిన ఉప్పెన ఆ రేవును ఊడ్చిపెట్టాయి. తర్వాత గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి మిగిలిన కాస్తనూ పూడ్చింది. పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు చాలాకాలం ‘కోరంగీలు’ అనే పిలిచారు. రేవు పోయినా వడ్రంగులు చెదిరిపోలేదు. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే పని తండ్రి నుంచి కొడుక్కు అందుతూనే వచ్చింది.

నాన్న పని నేర్చుకున్నది తాతయ్య దగ్గర. కాగితం మీద గీత అనేదే ఉండేది కాదట. పడవ అడుగున ఉండే దూలం పొడవు ఖాయమైతే మిగతా కొలతలన్నీ దాన్నుంచే పుట్టేవి. పడవ వెడల్పు ఎంత ఉండాలి, ముక్కు ఎంత లేవాలి, వెనక భాగం ఎంత ముడుచుకోవాలి, అంతా జానల్లో, మూరల్లో, వేళ్లలో. తాతయ్య కాస్త వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసి, “ఎడమ పక్క వేలు మందం తియ్యరా” అనేవారట. తీశాక కొలిస్తే రెండు పక్కలూ సమానంగా ఉండేవట. ఈ మాట నాన్న చెప్పినప్పుడల్లా గొంతులో భయం, గర్వం రెండూ వినిపించేవి.

నాన్నతో ఎక్కడికి వెళ్లినా దారి పొడవునా చెట్ల పాఠమే. నల్లతుమ్మ కనిపిస్తే సైకిల్ ఆపేవారు. “ఆ కొమ్మ వంపు చూడమ్మా. పడవ కడుపులో పెట్టే కర్రకు సరిగ్గా సరిపోతుంది” అని చూపించేవారు. తిన్నటి దుంగను కోసి వంపు తెస్తే చెక్కలోని ఈనె అడ్డంగా తెగుతుంది, అల దెబ్బకు అక్కడే చీలుతుంది. చెట్టు తనంతట తాను వంగి పెరిగిన చోట ఈనె వంపు వెంటే నడుస్తుంది. అందుకే పడవ వడ్రంగి తిన్నటి చెట్టు కోసం ఎంత వెతుకుతాడో వంకర కొమ్మ కోసం అంతకంటే ఎక్కువ వెతుకుతాడు. ఇల్లు కట్టే వడ్రంగి పక్కన పడేసే కొమ్మ ఈయనకు అపురూపం. ఇప్పటికీ రోడ్డు పక్కన వంగిన తుమ్మకొమ్మ కనిపిస్తే అది ఏ పక్కకు సరిపోతుందా అని నా కళ్లు వెతుకుతాయి.

నాన్న విశాఖ వచ్చింది 1950ల్లో. అప్పటికే షిప్‌యార్డుకు పెద్ద చరిత్ర ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా ఓడల సంస్థ దాన్ని తలపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ రోజు ఊరు ఊరంతా ఖాళీ అయిన సంగతి మా ఇంటి పక్క అవ్వ ఎన్నిసార్లు చెప్పినా మేము నోరు తెరుచుకుని వినేవాళ్లం. అన్ని ఆటంకాలూ దాటుకుని 1948 మార్చి 14న అక్కడ కట్టిన మొదటి ఓడ ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి దించారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆ ఓడ పేరు పలికేటప్పుడు షిప్‌యార్డు పాత కార్మికులు గుండె నిండా గాలి పీల్చుకోవడం నేను చూశాను.

ఇనుప ఓడలు కట్టే చోట వడ్రంగికి పని ఏమిటని చాలామంది అడిగేవారు. ఆ ప్రశ్నంటే నాన్నకు ఎంతో ఇష్టం, చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉండేది. ముందుగా, ఓడ రూపాన్ని అసలు కొలతలతో గీసే ఒక విశాలమైన గది ఉండేది. దాని నేలంతా చదునైన చెక్క. గీసేవాళ్లు మోకాళ్ల మీద పాకుతూ ఆ నేల మీద వంపులు గీస్తే, వడ్రంగులు వాటి ప్రకారం పల్చటి చెక్కతో అచ్చులు చేసేవారు. ఇనుప రేకును ఆ అచ్చు చూసే కోసేవారు, వంచేవారు. అంటే ప్రతి ఇనుప ఓడా మొదట చెక్కలో పుట్టేదన్నమాట. తాళ్లరేవులో కంటితో పట్టుకున్న వంపునే ఇక్కడ గీతలో పట్టుకుంటున్నామని నాన్న అనేవారు.

ఇక ఓడను నీళ్లలోకి దించే రోజు. ఆ ఒక్క రోజూ కుటుంబాలను లోపలికి రానిచ్చేవారు. అమ్మ పట్టుచీర కట్టుకునేది. ఏటవాలు గట్టు మీద, కింద వరసగా పేర్చిన దిమ్మెల మీద ఓడ నిలబడి ఉండేది. దాని కింద రెండు పక్కలా, నీటి వైపు వాలుగా, పొడవాటి చెక్క దారులు. వాటికి మందంగా కొవ్వు పూసేవారు. ఓడను మోసుకుని ఆ దారుల మీద జారడానికి చెక్క ఊయల ఒకటి కట్టేవారు. అసలు కష్టమంతా ఓడ బరువును దిమ్మెల మీది నుంచి ఆ ఊయల మీదికి మార్చడంలో ఉంది. అది యంత్రాల పని కాదు, వడ్రంగుల పని. వందల చెక్క చీలలను రెండు పక్కలా ఒకేసారి, ఒకే తాళంలో సమ్మెటలతో కొట్టాలి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక అయితే బరువు ఒరిగిపోతుంది. మేస్త్రి ఈల వేస్తే అంతమంది సమ్మెటలూ ఒక్కటిగా పడేవి. ఆ చప్పుడు మేము నిలబడిన చోట కాళ్లకు తెలిసేది.

తర్వాత దిమ్మెలు ఒక్కొక్కటే తీసేవారు. పైన వేదిక మీద పూజ, కొబ్బరికాయ, చప్పట్లు. నేను మాత్రం కింద ఓడ నీడలో నాన్న ఎక్కడున్నారా అని వెతుకుతూ ఉండేదాన్ని. ఓడ కదిలిన మొదటి క్షణం ఎవరికీ తెలియదు. తెలిసేసరికి అది పరిగెత్తుతూ ఉంటుంది. ఒరుపుకు కొవ్వు కాలి, చెక్క దారుల మీది నుంచి పొగ లేస్తుంది. ఆ పొగలోంచి నాన్న బయటికి వచ్చేవారు, ఒళ్లంతా జిడ్డు, ముఖమంతా వెలుగు. వేల టన్నుల ఇనుమును చివరికి నీళ్లకు అప్పగించింది చెక్క, కొవ్వు, సమ్మెట పట్టిన చేతులు. నాన్న ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే, ఇప్పటికీ.

ఆదివారం వస్తే నాన్న సైకిల్ పెద్దజాలరిపేట వైపు తిరిగేది. వెనక సీటు మీద నేను. అక్కడ ఒక ముసలి తండేలు, అంటే పడవ నడిపించే పెద్ద, ఉండేవాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. ఆయన నాన్నను “మేస్త్రిగారూ” అనేవాడు, వయసులో చాలా పెద్దవాడైనా. నాన్న ఆయన ముందు చేతులు కట్టుకుని కూర్చునేవారు. షిప్‌యార్డులో ఇంజినీర్ల ముందు కూడా నాన్న అలా కూర్చోవడం నేను ఎరగను.

తాత దగ్గర ఒక పెద్ద కుట్టు పడవ ఉండేది, తెప్పలూ ఉండేవి. ముందు తెప్ప సంగతి చెబుతాను, అది తేలిక కాబట్టి. మెత్తటి, బరువు తక్కువ కలప దుంగలను బాడిసతో చెక్కి, ముక్కు వైపు పైకి లేచేలా మలిచి, పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టేస్తారు. తెప్ప మునగదు, ఎందుకంటే దానిలో నీళ్లు నిండే గుంతే లేదు. అల దాని మీదుగా, దుంగల సందుల్లోంచి వెళ్లిపోతుంది. వేట నుంచి తిరిగి రాగానే కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుక మీద ఎండబెడతారు. తడి ఆరకపోతే కలప నీళ్లు తాగి బరువెక్కుతుంది. పొద్దున్న మళ్లీ కడతారు. ఏ దుంగ ఎవరిది, ఏది మధ్యలో ఉండాలి, ఏది పక్కకు రావాలి, చీకట్లో తడిమి చెప్పేవాళ్లు. మేము పిల్లలం ఆ ఎండే దుంగల మీద కూర్చుంటే పేట ఆడవాళ్లు కోప్పడేవారు. కాలు తగలకూడదు, అది గంగమ్మకు చెందినది.

కుట్టు పడవ వేరే లోకం. ఒక్క ఇనుప మేకు ఉండదు. వెడల్పాటి పలకల అంచుల్లో వరసగా కన్నాలు వేసి, రెండు పలకల మధ్య సందు మీద కొబ్బరి పీచు ఒత్తుగా పరిచి, దాని మీదుగా కొబ్బరి తాడుతో అల్లి బిగిస్తారు. అడుగు చదును. లోపల వంపు కర్రలు కూడా ఉండవు, రెండు పక్కలనూ పట్టి ఉంచే అడ్డు కర్రలు తప్ప. నాన్నకు మొదట ఇది మింగుడు పడలేదు. తాళ్లరేవులో పడవ అంటే లోపలి కర్రల బలం. కర్రల్లేని పడవ సముద్రంలో ఎలా నిలుస్తుంది? ఆ ప్రశ్నకు తాత చెప్పిన జవాబు నేను అక్కడే ఉండి విన్నాను.

“కుండను నేలకేసి కొడితే ఏమవుతుంది మేస్త్రిగారూ? వెదురు బుట్టను కొడితే ఏమవుతుంది? మా ఒడ్డు అల పడవను ఎత్తి ఇసుక మీద పడేస్తుంది. గట్టిగా ఉన్నదల్లా పగులుతుంది. ఇది దెబ్బ తిని, కాస్త నలిగి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది.”

మన తీరం ఎలాంటిదో తెలిస్తే ఆ జవాబు విలువ తెలుస్తుంది. లోపలి హార్బరు తవ్వకముందు విశాఖలో ఓడ ఆగడానికి చోటు లేదు. బురద మడుగులను తవ్వి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి ముంచి, వాటినే అలలకు అడ్డుగోడగా చేసి, 1933లో రేవు తెరిచారు. ఆ అక్టోబరు 7న మొదట లోపలికి వచ్చిన ఓడ ‘జలదుర్గ’. అంతకు ముందు పెద్ద ఓడలన్నీ దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు దిగాలన్నా, మనిషి ఎక్కాలన్నా మధ్యలో విరిగే అలలు దాటాలి. ఇంగ్లీషువాళ్ల మేకుల పడవలు ఆ అలల్లో ముక్కలయ్యేవి. కుట్టు పడవలే ఆధారం. 1669-79 మధ్య ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు వీటి గురించి రాసిపెట్టాడు: వెడల్పాటి పల్చని పలకలు, కొబ్బరి తాడు కుట్టు, చదునైన అడుగు, లోపల కర్రలు లేకపోవడం. మూడు వందల ఏళ్ల తర్వాత నేను జాలరిపేట ఇసుకలో చూసింది అక్షరాలా అదే పడవ.

మా అమ్మమ్మ వాళ్ల అమ్మ భీమిలి నుంచి రంగూన్ వెళ్లింది. అప్పట్లో మన ఉత్తరాంధ్ర వాళ్లు వేలకు వేలు బర్మాకు కూలికి, వ్యాపారానికి వెళ్లేవారు. స్టీమరు దూరాన నిలబడి ఉండేది. ఒడ్డు నుంచి దాని దాకా పడవ మీద. ఆ పడవ అలల గోడ ఎక్కి దిగుతుంటే, ఒళ్లో పసిబిడ్డను పమిటతో నడుముకు కట్టేసుకుని కళ్లు మూసుకుందట. పడవ పలకలు కిర్రుమంటూ ఒకదాని మీద ఒకటి కదులుతుంటే విడిపోతున్నాయనే అనుకుందట. “విడిపోవమ్మా, అది దాని నడక” అని తెడ్డు వేసే అతను ధైర్యం చెప్పాడట. రంగూన్‌లో ఎన్నో ఏళ్లు బతికి తిరిగి వచ్చినా, ఆ ప్రయాణంలో ఆమెకు బాగా గుర్తున్నది స్టీమరు కాదు, ఆ కాస్త దూరం.

అలలు దాటడం నేను కళ్లారా చూశాను. పెద్దవల వేసే పొద్దున పడవను ఒడ్డుకు తెచ్చి, ముక్కు సముద్రం వైపు తిప్పి పట్టుకుంటారు. గడ చివర గుండ్రటి పలక బిగించిన తెడ్లు సిద్ధంగా ఉంటాయి. తాత వెనక నిలబడి అలలను చూస్తూ ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు. ఎవరూ మాట్లాడేవారు కాదు. పెద్ద అలలు వరసగా వచ్చి, తర్వాత కాసేపు నెమ్మదిస్తుంది సముద్రం. ఆ సందు కోసం చూపు. అది దొరకగానే ఒక్క కేక. అందరూ నెట్టి, ఎగిరి ఎక్కి, తెడ్లు వేసేవారు. పడవ ముక్కు ఆకాశానికి లేచి, ఒక్క క్షణం నిలబడి, అవతల పడేది. అప్పుడు పాట మొదలయ్యేది, తెడ్డుకు ఊపు ఇచ్చే పాట.

తాడు ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవ అర్ధచంద్రాకారంగా తిరుగుతూ వల వదులుకుంటూ వెళ్లి, రెండో కొసను దూరంగా ఇంకో చోట ఒడ్డుకు చేరుస్తుంది. ఆపైన రెండు పక్కలా జనం లాగుతారు. మగవాళ్లు, ఆడవాళ్లు, బడి ఎగ్గొట్టిన పిల్లలు, దారిన పోయేవాళ్లు. లాగిన ప్రతి చేతికీ కొద్దో గొప్పో చేప దక్కేది. వలకు వాటా, పడవకు వాటా, మనుషులకు వాటా. నేను లాగిన రోజు నా గౌను నిండా కవళ్లు పోశారు. అమ్మ వాటిని పులుసు పెట్టింది. అంత రుచి నేను డబ్బిచ్చి కొన్న చేపలో ఎప్పుడూ చూడలేదు.

తాతకు గడియారం లేదు, దిక్సూచి లేదు. లోతు సముద్రంలో తానెక్కడున్నాడో కొండలే చెప్పేవి. డాల్ఫిన్స్ నోస్ కొన వెనక నుంచి ఏ కొండ ఎంత తొంగి చూస్తోంది, సింహాచలం కొండ ఏ గుట్ట మీదికి వచ్చింది, కైలాసగిరి ఎంత కిందికి దిగింది, ఇలా ఇటు రెండు గుర్తులు, అటు రెండు గుర్తులు కలిపితే ఒకే ఒక్క చోటు తేలుతుంది. నిన్న చేపలు దొరికిన రాతి పరుపు మీదికి మళ్లీ ఇవాళ సరిగ్గా అక్కడికే వచ్చేవాడు. రాత్రయితే వేగుచుక్క, పిల్లలకోడి. ఈ కొండల లెక్కను తండ్రి కొడుక్కు మాత్రమే చెప్పేవాడు, పక్కవాడికి చెప్పేవాడు కాదు. అది ఆ ఇంటి ఆస్తి.

ఏడాదికోసారి కుట్టు పడవను పూర్తిగా విప్పేవారు. పాత తాడు కోసేసి, పలకలు కడిగి ఎండబెట్టి, చెడినవి మార్చి, కొత్త తాడుతో మళ్లీ కుట్టేవారు. ఆ పనికి నాన్న సెలవు పెట్టి మరీ వెళ్లేవారు. కన్నం వేయడానికి చేతి బరమా నాన్నది, కుట్టు తాతది. లోపల ఒకరు, బయట ఒకరు ఎదురెదురుగా కూర్చుని తాడును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లాగుతారు. లాగిన తాడు సడలకుండా కన్నంలో చెక్క ముక్క కొట్టి, తర్వాతి కుట్టు బిగిశాక దాన్ని తీసేస్తారు. బిగువు చూడడానికి తాత కుట్టును వేలితో మీటేవాడు. మోత నచ్చకపోతే విప్పించేవాడు. ఆ ఇసుకలో, ఆ ఎండలో, సగం కుట్టిన పడవ నీడలో కూర్చుని ఇద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ కలపనూ నీళ్లనూ గురించే. ఎండకు కలప ఎంత ముడుచుకుంటుంది, నీళ్లలో ఎంత ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే సందు ఎలా మూసుకుపోతుంది.

నేను హైస్కూలుకు వచ్చేసరికి నాన్న ఆదివారాలు ఫిషింగ్ హార్బరు వైపు మళ్లాయి. అక్కడ మరపడవల కాలం. పాబ్లో, రొయ్య, సొర్రా అనే చిన్న బోట్లు, వాటి తర్వాత పెద్దవి, సోనా బోట్లు. ఇవన్నీ చెక్కవే, డీజిల్ ఇంజన్లు బిగించినవి. వీటి పని తాళ్లరేవు పనికి దగ్గర కాబట్టి నాన్నకు చేతినిండా పిలుపులు. గట్టుమీదికి ఎక్కించిన బోటు పక్కన నిలబడి సుత్తితో పలకలను తట్టుతూ నడిచేవారు. చప్పుడు మారిన చోట సుద్దతో గీత. అక్కడ చెక్క లోపల పుచ్చింది. పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోసేవారు. ఆ వాసన, సొరచేప నూనె వాసన, ఎండుచేపల వాసన కలిసిన గాలి నాన్న చొక్కాల్లో ఉండేది. అమ్మ ఎన్ని నీళ్లలో జాడించినా పోయేది కాదు.

చెక్కకు సముద్రంలో అసలు శత్రువు అల కాదు, పురుగు. టెరిడో అనే ఈ జీవి చూడడానికి వానపాములా ఉన్నా, నిజానికి ఆల్చిప్పల జాతిది. పిల్ల దశలో సూదిమొనంత కన్నం చేసుకుని లోపలికి దూరి, అక్కడే పెరుగుతూ చెక్కను గొట్టాలు గొట్టాలుగా తినేస్తుంది. పైకి పలక నున్నగా, చక్కగా ఉంటుంది. గట్టిగా నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. విశాఖ హార్బరు నీళ్లలో ఈ పురుగుల బెడద ఎంత ఎక్కువంటే, సముద్రపు నీటిలో ఏ కలప ఎంతకాలం నిలుస్తుందో పరిశీలించడానికి అటవీ పరిశోధకులు ఇక్కడే ఒక కేంద్రం పెట్టారు. రకరకాల కలప ముక్కలను నీళ్లలో వేలాడదీసి, కొన్నాళ్లకు తీసి, ఎంత తిన్నదో లెక్కగట్టేవారు. నాన్న ఆ ముక్కలను ఒకసారి చూసి వచ్చి చాలా సంతోషించారు. తాను సుత్తి చప్పుడుతో తెలుసుకున్నదాన్ని చదువుకున్నవాళ్లు కొలుస్తున్నారని.

తర్వాత ఫైబర్ వచ్చింది. 1980ల నుంచి మొదలై, తెప్పల స్థానంలో, కుట్టు పడవల స్థానంలో ఫైబర్ బోట్లు నిండిపోయాయి. ఇందులో జాలరుల తప్పు వెతకడం అన్యాయం. మంచి కలప దొరకడం కష్టమైంది, దొరికినా ధర అందదు. ఫైబర్‌ను పురుగు తినదు, అది నీళ్లు తాగదు, రోజూ విప్పి కట్టే పని లేదు, వెనక ఇంజను తగిలిస్తే దూరం పోవచ్చు, తొందరగా రావచ్చు. ప్రాణం పణంగా పెట్టి వేటకు వెళ్లే మనిషికి అవి చిన్న విషయాలు కావు. తాత కూడా ఫైబర్‌ను తిట్టలేదు. చేత్తో తడిమి చూసి, “దీనికి ఆకలి లేదు” అన్నాడు. నూనె అక్కర్లేదు, తాడు అక్కర్లేదు అని ఆయన భావం.

పడవ మాత్రమే కాదు, పడవ ఆరే చోటు కూడా తగ్గింది. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1976లో బయటి హార్బరు వచ్చాక దాని రాతిగోడలు ఆ నడకకు అడ్డు నిలిచాయి, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతోంది. అందుకే హార్బరులో తవ్వి తీసిన ఇసుకను తెచ్చి రామకృష్ణా బీచ్ వైపు పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పేటల ముందున్న బోట్లను, వలలను పిండి చేసింది. 2023 నవంబరులో ఒక అర్ధరాత్రి ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. ఆ వార్త టీవీలో చూస్తూ నేను బోట్లను గుర్తుపట్టాలని ప్రయత్నించాను, నాన్న సుత్తితో తట్టినవి వాటిలో మిగిలి ఉండే వయసు దాటిపోయిందని తెలిసి కూడా.

మా బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, 2002 నుంచి. ఎదురుగా యుద్ధవిమానం ఉంది. వాటిని చూడడానికి పిల్లలు బస్సుల్లో వస్తారు, నేనూ మనవళ్లను తీసుకెళ్లాను, గర్వంగా చూపించాను. వాటి సరసనే ఒక కుట్టు పడవ కూడా ఉండాలని నా కోరిక. అద్దాల వెనక చిన్న బొమ్మ కాదు, మనిషి ఎక్కి కూర్చుని పలకల కుట్టును వేలితో మీటగలిగే అసలు పడవ. మన తీరానికి నౌకలు ఎంత పాతవో శాతవాహనుల నాణేలే చెబుతాయి, రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న నాణేలు. భీమిలి దారిలో తొట్లకొండ మీద బౌద్ధ ఆరామంలో రోమను నాణేలు దొరికాయి. ఆ భిక్షువులు కొండ మీద నుంచి చూసిన ఒడ్డు, పెద్దజాలరిపేట ఒడ్డు ఒకటే తీరం.

ఇది జరగని పని కాదు. 2025 మే నెలలో ఐఎన్ఎస్‌వీ కౌండిన్య అనే కుట్టు ఓడ కార్వార్‌లో మన నౌకాదళంలో చేరింది. అజంతా గుహల్లోని ఓడ బొమ్మను ఆధారంగా తీసుకుని, మేకులు లేకుండా, కొబ్బరి తాడుతో పలకలు కుట్టి గోవాలో కట్టారు. కుట్టినవాళ్లు కేరళ పనివాళ్లు. ఆ వార్త చదివిన రోజు నేను పేపరు పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. సంతోషమే, కానీ కడుపులో ఏదో కదిలింది. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన మా ఊళ్లో, మా ఇసుకలో, ఆ కుట్టు తెలిసిన చేతులు ఇంకా ఉండాలి కదా అని.

ఉన్నాయి. తాత చిన్న కొడుకు ఇప్పుడు ఫైబర్ బోటు నడుపుతున్నాడు. కుర్రతనంలో తండ్రికి ఎదురుగా, పడవ లోపల కూర్చుని తాడు అందుకున్నవాడు. మొన్న పేటకు వెళ్లి అడిగాను.

“ఇంకా చేతనవునా తమ్ముడూ?”

అతను కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. “నోటితో చెప్పమంటే రాదు అక్కా. తాడు చేతికిస్తే వస్తుంది. రెండు పలకలు, మంచి కొబ్బరి తాడు తెప్పించండి. వేట నిషేధం రోజుల్లో ఖాళీగానే ఉంటాం.”

నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పలకలకు తాళ్లరేవులో మా బంధువులకు చెప్పాను, తాడు కోనసీమ నుంచి వస్తోంది. మొదటి కన్నం నుంచి చివరి ముడి దాకా ప్రతిదీ ఫోనులో తీయించి, కొలతలు పక్కన రాయించాలని అనుకుంటున్నాను. అతను చేస్తుంటే చూసి నేర్చుకుంటామని పేటలో ఇద్దరు కుర్రాళ్లు ఇప్పటికే ముందుకు వచ్చారు.

భీమిలి, ముక్కాం, పూడిమడక, బంగారమ్మపాలెం వైపు కుట్టు పడవలు కట్టినవాళ్లు, కుట్టినవాళ్లు, వాటి మీద తెడ్డు వేసినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే దయచేసి ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. ఏ కలప వాడేవారు, కుట్టు కింద పీచు పరిచేవారా, గడ్డి పరిచేవారా, ఎన్ని తెడ్లు, ఏ పాట పాడేవారు. పాత ఫొటో ఉంటే దాని వెనక ఊరి పేరు, సంవత్సరం రాయండి. ఆ పాటల్లో రెండు నాకు సగం సగమే వచ్చు. మిగతా సగం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ ఊరైనా సరే, వచ్చి కూర్చుని రాసుకుంటాను.